లాబ్రడారా, బొచ్చుకుక్కా?

గత మార్చి నెలలో ఒకనాడు తొమ్మిదో తరగతి పాఠం ముగించి వస్తుంటే ఒక అన్నాచెల్లెళ్ళు వరండాలో నన్ను ఆపారు. ఇద్దరి ముఖాల్లోనూ ఇంట్లో జరిగిన తగాదా తాలూకు వేడి ఇంకా తగ్గలేదు. "మాస్టారూ, మా నాన్నగారు కుక్కపిల్లను కొనిస్తానన్నారు. నేను లాబ్రడార్ కావాలంటున్నాను. చెల్లి పొమేరియన్ కావాలంటోంది. సైన్సు మాస్టారిని అడగండి, ఆయన ఏది చెబితే అదే అన్నారు" అన్నాడు అన్న. "లాబ్రడార్ చాలా తెలివైంది కదండీ?" అని వాడు, "పొమేరియన్ ముద్దుగా ఉంటుంది కదండీ?" అని ఆ అమ్మాయి.

పిల్లలూ! "ఏది మంచిది?" అన్న ప్రశ్నకు సైన్సులో జవాబు దొరకదు. "దేనికి మంచిది? ఎక్కడ మంచిది?" అని అడిగితే దొరుకుతుంది. చేప గొప్పదా, పిట్ట గొప్పదా అంటే ఏం చెబుతాం? నీళ్ళలో అయితే చేప, గాలిలో అయితే పిట్ట. కుక్కల సంగతీ అంతే. కాకపోతే ఒక్క తేడా ఉంది. చేపను, పిట్టను ప్రకృతి తీర్చిదిద్దింది. కుక్క జాతులను మనిషి తన పనుల కోసం తీర్చిదిద్దుకున్నాడు. కనుక ఒక జాతి కుక్కను ఇంటికి తెచ్చుకునే ముందు దాన్ని ఏ దేశంలో, ఏ వాతావరణంలో, ఏ పని కోసం తయారు చేశారో తెలుసుకోవాలి. ఆ తరువాత మన ఇంటి వైపు ఒకసారి చూసుకోవాలి.

జాతి అన్న మాట గురించి ముందే చెప్పాలి. మన జీవశాస్త్రం పుస్తకంలో జాతి అంటే స్పీషీస్ అని అర్థం. పులి ఒక జాతి, సింహం ఒక జాతి. ఆ లెక్కన కుక్కలన్నీ ఒకే జాతి. ముప్ఫై కిలోల లాబ్రడార్, రెండు కిలోల పొమేరియన్, మన వీధి మలుపులో నిద్రపోయే ఊరకుక్క, అన్నీ ఒకటే. అన్నీ తోడేలు సంతతే. కనీసం 14,000 ఏళ్ళుగా మనిషి వెంట ఉంటున్నవే. ఊళ్ళో జనం 'జాతి కుక్క' అంటున్నప్పుడు మాత్రం ఆ మాటకు బ్రీడ్ అని అర్థం. కోరిన లక్షణాలున్న ఆడ, మగ జంతువులను తరతరాలుగా ఏరి జతకట్టించగా వచ్చిన రకం అన్నమాట. మన ఒంగోలు గిత్త కూడా అలా వచ్చిన బ్రీడే. ఈ వ్యాసంలో కుక్కల జాతి అన్నచోటల్లా ఈ రెండో అర్థమే తీసుకోండి.

చన్నీళ్ళలో పుట్టిన కుక్క

లాబ్రడార్ అనేది కెనడా తూర్పు తీరాన ఉన్న ఒక చలి ప్రాంతం పేరు. చిత్రమేమిటంటే, ఈ కుక్కకు మూలం అక్కడ లేదు, దాని పక్కనున్న న్యూఫౌండ్లాండ్ దీవిలో ఉంది. అక్కడి జాలర్లు పొట్టి వెంట్రుకల నల్లకుక్కలను పడవల్లో వెంట తీసుకుపోయేవారు. గాలం నుంచి జారిపోయిన చేపను నోట కరచి తేవడం, వల తాడును పట్టుకుని ఈదుతూ ఒడ్డుకు లాక్కురావడం వాటి పని. ఆ సముద్రం శీతాకాలంలో దాదాపు మంచుగడ్డంత చల్లగా ఉంటుంది. 19వ శతాబ్దం మొదటి రోజుల్లో చేపల ఓడలతోపాటు ఈ కుక్కలు ఇంగ్లండు రేవులకు చేరాయి. అక్కడి జమీందారులు వాటిని వేటకు పనికొచ్చేలా పెంచారు. తుపాకీ దెబ్బకు నీళ్ళలో పడిన బాతును నలగకుండా, పన్ను దిగకుండా తెచ్చి ఇవ్వడం కొత్త ఉద్యోగం. బాగా శిక్షణ పొందిన లాబ్రడార్ కోడిగుడ్డును సైతం పగలకుండా నోట పట్టుకుని రాగలదు. 1903లో ఇంగ్లండులోని కెన్నెల్ క్లబ్బు దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది.

ఈ చరిత్రంతా దాని ఒంటి మీద రాసే ఉంది. చూడడం తెలిస్తే చదవవచ్చు. పైన గరుకుగా, కాస్త జిడ్డుగా ఉండి నీటిని లోపలికి రానివ్వని వెంట్రుకలు. వాటి కింద మెత్తటి దూదివంటి రెండో పొర. ఈదేటప్పుడు చుక్కానిలా పనిచేసే లావుపాటి తోక. వేళ్ళ మధ్య చర్మపు పొర. 25 నుంచి 36 కిలోల బరువు. అన్నిటికన్నా ముఖ్యమైనది పైకి కనిపించదు. విసిరినదాన్ని తెచ్చి ఇవ్వాలనే తపన అది. ఆ తపన గురించి కాసేపట్లో మళ్ళీ చెబుతాను.

పదో తరగతి వారికి ఇక్కడ ఒక చిన్న లెక్క. లాబ్రడార్లలో నలుపు, చాక్లెట్, పసుపు అని మూడు రంగులున్నాయి. అమ్మేవాళ్ళు రంగును బట్టి గుణం చెబుతారు, నమ్మకండి. రంగును ముఖ్యంగా రెండు జన్యువులు నిర్ణయిస్తాయి. ఒకటి నలుపా, చాక్లెట్టా అన్నది చెబుతుంది. ఇందులో నలుపు బహిర్గతం, చాక్లెట్ అంతర్గతం. రెండోది ఆ రంగు అసలు వెంట్రుకల్లోకి చేరాలా వద్దా అన్నది చెబుతుంది. చేరకపోతే కుక్క పసుపే, మొదటి జన్యువు ఏమన్నా సరే. రెండు జన్యువుల్లోనూ అంతర్గత లక్షణాన్ని దాచుకున్న నల్ల తల్లికి, అలాంటిదే అయిన నల్ల తండ్రికి పుట్టే పిల్లల్లో 9:3:4 నిష్పత్తిలో నలుపు, చాక్లెట్, పసుపు రావాలి. మెండెల్ చెప్పిన 9:3:3:1 ఇక్కడ 9:3:4 ఎందుకయిందో గడులు గీసి మీరే తేల్చండి.

మహారాణి ముచ్చటపడ్డ కుక్క

పొమేరేనియా అంటే బాల్టిక్ సముద్రపు దక్షిణ తీరం. ఇప్పుడు కొంత పోలెండులోనూ, కొంత జర్మనీలోనూ ఉంది. అక్కడి కుక్కలు స్పిట్జ్ అనే కుటుంబానికి చెందినవి. జర్మన్ భాషలో ఆ మాటకు మొనదేలినది అని అర్థం. మొనదేలిన మూతి, నిక్కిన చెవులు, వీపు మీదికి చుట్టుకున్న తోక, మెడ చుట్టూ సింహం జూలులాంటి బొచ్చు. ఉత్తరాది మంచు దేశాల్లో బండ్లు లాగే కుక్కలకు ఇవి దగ్గరి చుట్టాలు. మొదట్లో ఇవి ఇంత చిన్నవేమీ కావు. పది కిలోలకు పైబడినవి కూడా ఉండేవి. 1888లో విక్టోరియా మహారాణి ఇటలీలోని ఫ్లారెన్సు నగరానికి వెళ్ళినప్పుడు చిన్న పొమేరియన్లను చూసి ముచ్చటపడి ఇంటికి తెచ్చుకుంది. అందులో మార్కో అనే కుక్క బరువు సుమారు ఐదున్నర కిలోలు. రాణిగారికి నచ్చినది ఊరందరికీ నచ్చాలి గదా! చిన్నవాటినే ఏరి ఏరి జతకట్టించారు. నేటి అసలు పొమేరియన్ రెండు, మూడు కిలోలకు మించదు. పని కోసం కాక ఒడి కోసం తయారైన కుక్క అది.

కుక్కను ఇంత చిన్నది చేయడం ఎలా సాధ్యమైంది? పెరుగుదలకు తోడ్పడే ఒక హార్మోనుకు సంబంధించిన జన్యువులో చిన్న మార్పు ఉన్న కుక్కలు పొట్టిగా ఉంటాయని 2007లో శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు. అది మనిషి చేతిలో పుట్టిన మార్పు అనుకున్నారు చాలామంది. 2022లో ఒక సంగతి బయటపడింది. సైబీరియాలో దొరికిన 54,000 ఏళ్ళనాటి తోడేలు అవశేషంలో కూడా ఆ చిన్నదనపు జన్యువు ఉంది! అంటే మనిషి దాన్ని పుట్టించలేదు. ఎక్కడో మూల నక్కి ఉన్నదాన్ని ఏరి పైకి తెచ్చాడు.

ఇక మన వీధుల్లో 'పొమేరియన్' అని పిలుచుకునే తెల్ల బొచ్చుకుక్క మాటేమిటి? పిల్లలూ, అది చాలావరకు పొమేరియన్ కాదు. ఇండియన్ స్పిట్జ్. బ్రిటిష్ వాళ్ళ కాలంలో వచ్చిన జర్మన్ స్పిట్జ్ కుక్కల నుంచి మన దేశంలోనే తరతరాలుగా పెరిగిన రకం. వీటిలో చిన్నవి ఐదు నుంచి ఏడు కిలోలుంటాయి, పెద్దవి ఇంకా ఎక్కువ. 1994లో వచ్చిన ఒక హిందీ సినిమాలో క్రికెట్ ఆటకు అంపైరుగా నిలబడ్డ తెల్లకుక్క ఇదే. ఆ సినిమా తరువాత ప్రతి ఊళ్ళోనూ ఒక 'టఫీ' వెలిసింది. మా ఊళ్ళో రెండు వెలిశాయి. చెల్లెలు చూసి ముచ్చటపడ్డదీ ఈ రకమే. అసలు పొమేరియన్ కన్నా ఇది మన వాతావరణానికి కొంత అలవాటు పడ్డది. ధర కూడా తక్కువ. కనుక ఇక మీదట పోలిక లాబ్రడార్‌కూ ఈ బొచ్చుకుక్కకూ అనుకుందాం.

ఎండ లెక్క

రెండూ చలి దేశాల సంతతే. మాది పల్నాడు. రెంటచింతల ఎండల సంగతి మీరు వార్తల్లో వినే ఉంటారు. మరి ఈ రెంటిలో ఏది మా ఎండను బాగా తట్టుకుంటుంది?

దీనికి జవాబు మీ వంటింట్లోనే ఉంది. ఒక బిందెలో, ఒక గ్లాసులో ఒకే వేడి ఉన్న నీళ్ళు పోసి గంట ఆగి వేలు పెట్టి చూడండి. గ్లాసు చల్లారి ఉంటుంది, బిందె ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఎందుకు? ఒక సెంటీమీటరు భుజం ఉన్న ఘనానికి ఉపరితల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు, ఘనపరిమాణం 1 ఘన సెంటీమీటరు. రెండు సెంటీమీటర్ల ఘనానికి వైశాల్యం 24, ఘనపరిమాణం 8. ఒంట్లోని సరుకు ఎనిమిది రెట్లయితే, వేడి బయటికి పోయే చర్మం నాలుగు రెట్లే అయింది. 30 కిలోల లాబ్రడార్, 6 కిలోల స్పిట్జ్ కన్నా బరువులో ఐదు రెట్లు. చర్మంలో మాత్రం సుమారు మూడు రెట్లే. అంటే కిలో బరువుకు లెక్క వేస్తే చిన్నకుక్కకు దాదాపు 1.7 రెట్లు ఎక్కువ చర్మం ఉంది. పరుగెత్తినప్పుడు ఒంట్లో పుట్టిన వేడిని అది త్వరగా వదిలించుకుంటుంది. లాబ్రడార్ బిందెలా వేడిని పట్టుకుని ఉంటుంది.

నేనీ లెక్క నల్లబల్ల మీద వేయగానే చెల్లెలి ముఖం వెలిగిపోయింది. అన్న ఊరుకోలేదు. "మాస్టారూ, బయట ఒంటికన్నా ఎక్కువ వేడి ఉంటే?" అన్నాడు. భేషైన ప్రశ్న! కుక్క ఒంటి వేడి సుమారు 38.5 నుంచి 39 డిగ్రీలు. మే నెలలో మా ఊళ్ళో గాలి 45 డిగ్రీలు. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్నచోటు నుంచి తక్కువ ఉన్నచోటుకే పోతుంది. కనుక అప్పుడు చర్మం వేడిని బయటికి పంపే తలుపు కాదు, లోపలికి రానిచ్చే తలుపు. చిన్నకుక్కకు ఆ తలుపు పెద్దది. దాని లాభం కాస్తా నష్టంగా మారుతుంది. అలాంటి ఎండలో రెంటికీ మిగిలే దారి ఒక్కటే, నీటిని ఆవిరి చేయడం.

వేలిని తడిచేసి ఊదుకోండి. చల్లగా అనిపిస్తుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి ఒంటి నుంచి సుమారు 580 కేలరీల వేడిని లాక్కుపోతుంది. మనం ఒళ్ళంతా చెమట పోసి ఈ పని చేస్తాం. కుక్కకు అలాంటి చెమట అరికాళ్ళలో తప్ప దాదాపు లేదు. అది నాలుకను, ముక్కు లోపలి తడిని, ఊపిరితిత్తులను వాడుకుంటుంది. విశ్రాంతిగా ఉన్న కుక్క నిమిషానికి ముప్ఫైసార్లకు మించి ఊపిరి తీయదు. రొప్పేటప్పుడు 200, 300 సార్లు. రొప్పడానికి నీళ్ళు కావాలి. తాగడానికి నీళ్ళు లేకపోతే ఆ యంత్రం ఆగిపోతుంది. గాలిలో తేమ ఎక్కువైనా అంతే. కాకినాడ, మచిలీపట్నం పిల్లలకు ఉక్కపోత అంటే తెలుసు. తడిబట్టలు ఆరని రోజున కుక్క నాలుకా ఆరదు. కనుక కోస్తాలో 36 డిగ్రీల ఉక్కరోజు, లోపలి జిల్లాల 40 డిగ్రీల పొడిరోజు కన్నా కుక్కకు కష్టం కావచ్చు.

నాకు ఈ లెక్కంతా తెలుసు. పిల్లలకు ఏటా చెబుతూనే ఉన్నాను. అయినా పన్నెండేళ్ళ కిందట ఒక మే నెల సాయంత్రం ఐదు గంటలకు, ఎండ తగ్గిందిలే అనుకుని, మా లాబ్రడార్‌ను బడి మైదానానికి తీసుకువెళ్ళి బంతి విసిరాను. అది తెచ్చింది. మళ్ళీ విసిరాను. మళ్ళీ తెచ్చింది. ఇందాక తపన అన్నాను చూడండి, అది ఇదే. న్యూఫౌండ్లాండ్ నీళ్ళలో అలసిపోకుండా ఈదడానికి ఏరుకున్న కుక్కకు "ఇక చాలు" అనడం తెలియదు. అనాల్సింది నేను. ఇరవయ్యోసారి కాబోలు, బంతిని నోటిలోనే ఉంచుకుని పక్కకు ఒరిగింది. నాలుక ఎర్రగా, జిగురు కారుతూ ఉంది. కంగారులో స్కూటరు మీద వేసుకుని పశువుల ఆస్పత్రికి పరుగెత్తాను. దారిలోనే పోయింది. నేను చేయాల్సింది మైదానం పక్క కుళాయి దగ్గరే దాని ఒళ్ళంతా నీళ్ళతో తడిపి, విసరడం. ముందు చల్లార్చాలి, ఆ తరువాతే ఆస్పత్రికి తీసుకుపోవాలి. కుళాయి ఇరవై అడుగుల దూరంలో ఉంది.

కనుక ఆ అన్నాచెల్లెళ్ళకు ఒక పని అప్పగించాను. ప్రయోగశాలలోని థర్మామీటరు ఇచ్చి, కుక్క ఏ చోట పడుకుంటుందో అక్కడ ఏప్రిల్‌లో ఏడు రోజులపాటు మధ్యాహ్నం రెండు గంటలకు ఎన్ని డిగ్రీలుందో రాసుకు రమ్మన్నాను. మీలో కుక్కను పెంచాలనుకునేవారు, ఇప్పటికే పెంచుతున్నవారు కూడా ఈ పని చేయండి. థర్మామీటరుకు ఎండ తగలకూడదు. నేలకు జానెడు ఎత్తులో ఉంచాలి, ఎందుకంటే కుక్క ముక్కు ఉండేది అక్కడే.

తిండి లెక్క

ఐదు రెట్లు బరువున్న కుక్క ఐదు రెట్లు తింటుందా? తినదు. జంతువుల శక్తి అవసరం బరువుతో సమానంగా పెరగదని 1932లో మాక్స్ క్లైబర్ అనే శాస్త్రజ్ఞుడు చూపించాడు. ఆ సూత్రం ప్రకారం ఊరికే పడుకున్నా 6 కిలోల కుక్కకు రోజుకు సుమారు 270 కిలో కేలరీలు, 30 కిలోల కుక్కకు సుమారు 900 కావాలి. మూడు రెట్ల పైచిలుకు. మామూలుగా తిరిగే కుక్కకు ఆ అంకెలను ఒకటిన్నర రెట్లు చేసుకోండి. అప్పుడు లాబ్రడార్‌కు రోజుకు 1,350 కిలో కేలరీలు. మీ ఇంట్లో ఒక చిన్నపిల్లవాడు తినేంత! పది, పన్నెండేళ్ళపాటు. నెలకు ఎంతవుతుందో నాన్నగారితో కూర్చుని లెక్క వేయండి. బొచ్చుకుక్క అంతకన్నా రెండు మూడేళ్ళు ఎక్కువే బతకవచ్చు. సాధారణంగా చిన్న జాతులకు ఆయుర్దాయం ఎక్కువ.

పెరుగన్నం పెట్టవచ్చా అని అడుగుతారు. తోడేలుకన్నా కుక్కకు పిండిపదార్థాలను అరిగించుకునే జన్యువు ప్రతులు ఎన్నో ఎక్కువ ఉన్నాయని 2013లో తేలింది. మనిషి కంచం పక్కన ఇన్ని వేల ఏళ్ళు కూర్చున్నందుకు ఒరిగిన లాభం అది. కనుక అన్నం అరుగుతుంది. అయితే అన్నం ఒక్కటే చాలదు. గుడ్డు, మాంసం, చేప వంటి మాంసకృత్తులు కావాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి పడ్డ కూర, పులుసు పెట్టవద్దు. కుక్క రక్తంలోని ఎర్రకణాలను ఉల్లి దెబ్బతీస్తుంది. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ విషం. ఉడికించిన కోడి ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

లాబ్రడార్ తిండిపోతు అన్న పేరు ఉత్తినే రాలేదు. ఆకలి తీరిందని మెదడుకు చెప్పే ఏర్పాటులో భాగమైన ఒక జన్యువులో చిన్న ముక్క లోపించడం వల్ల కొన్ని లాబ్రడార్లకు ఎంత తిన్నా చాలనిపించదని 2016లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు. వారు పరీక్షించిన లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతుకు ఈ లోపం ఉంది. అది మీ ముఖంలోకి దీనంగా చూస్తుంది. అమ్మమ్మ జాలిపడి ఇంకో ముద్ద వేస్తుంది. ఆ ముద్దకు ఖరీదెంతో 2002లో వెలువడిన ఒక పరిశోధన చెప్పింది. 48 లాబ్రడార్లను జతలు చేసి, ప్రతి జతలోనూ ఒకదానికి రెండోదానికన్నా పాతిక శాతం తక్కువ తిండి పెట్టి, జీవితమంతా గమనించారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి. కీళ్ళ నొప్పులు వాటికి ఆలస్యంగా వచ్చాయి. కొవ్వు పట్టిన కుక్కకు ఎండ కూడా ఎక్కువ తగులుతుంది. ఒంటి మీద దుప్పటి కప్పినట్టే గదా!

బొచ్చుకుక్కకు వేరే బాధలున్నాయి. చిన్న దవడలో పళ్ళు ఇరుక్కుని త్వరగా పాడవుతాయి. మోకాటి చిప్ప జారడం కద్దు. దట్టమైన బొచ్చులో పిడుదులు దాక్కుంటాయి. రోజూ దువ్వాలి, దువ్వుతూ వేళ్ళతో వెతకాలి. వేసవిలో పాపం అని బొచ్చు మొత్తం గొరిగించేవాళ్ళున్నారు. అది పొరపాటు. ఆ బొచ్చు ఎండను నేరుగా చర్మానికి తగలనివ్వని గొడుగు కూడా. రాలిన లోపలి పొరను దువ్వి తీసేస్తే చాలు, గాలి ఆడుతుంది.

మరి గుణం?

ఇంతవరకు చెప్పినదంతా ఒంటి సంగతి. బరువు, బొచ్చు, ఎండ, తిండి, వీటిని జాతిని బట్టి చాలావరకు నమ్మకంగా చెప్పవచ్చు. గుణం అలా కాదు. "లాబ్రడార్ కరవదు", "స్పిట్జ్ చిరాకుది" అని జనం తేల్చి చెబుతారు. 2022లో అమెరికాలో 18,000 పైగా కుక్కల యజమానుల జవాబులను, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులను పోల్చి చూశారు. కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాలలో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమే అని తేలింది. నూటికి తొమ్మిది! విసిరింది తేవడం, శిక్షణకు లొంగడం వంటివాటిలో జాతి ప్రభావం కొంత ఎక్కువ కనిపించింది. కోపం వంటివాటిలో దాదాపు ఏమీ లేదు.

మిగతాదంతా ఎక్కడి నుంచి వస్తుంది? చాలా భాగం పెంపకం నుంచి. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎన్నో ఏళ్ళు కుక్కపిల్లలను గమనించి 1965లో ఒక గ్రంథం ప్రచురించారు. పుట్టిన మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం వరకు కుక్కపిల్ల మనసు తెరిచిన కిటికీలాంటిది. ఆ రోజుల్లో మనుషుల చేతులు, పిల్లల అల్లరి, ప్రెషర్ కుక్కరు ఈల, వీధిలో లారీ చప్పుడు, ఇవన్నీ భయం లేకుండా పరిచయమైతే జీవితాంతం భయపడదు. ఆ రోజుల్లో చీకటి బోనులో పెరిగిన పిల్ల పెద్దయ్యాక భయపడుతుంది. భయపడే కుక్కే కరుస్తుంది. కనుక బజారులో బోనులో కూర్చున్న పిల్లను చూసి జాతి అడగడం కాదు; దాని తల్లిని చూపించమనండి, అది మనుషుల మధ్య పెరిగిందా అని అడగండి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర అది నేర్చుకునే పాఠాలు మనం నేర్పలేం. కరచి ఆడేటప్పుడు ఎంత గట్టిగా కరవకూడదు అన్నది అందులో మొదటిది.

అయినా ఇంటినిబట్టి కొన్ని తేడాలు చూసుకోక తప్పదు. బొచ్చుకుక్క గేటు చప్పుడైతే చాలు మొరుగుతుంది. కాపలాకు మంచిదే, గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళలో పక్కింటివారితో మాట వస్తుంది. లాబ్రడార్ అంతగా మొరగదు. కాని ఆనందం వచ్చి మీద పడితే అమ్మమ్మ నేల మీద ఉంటుంది. దానికి రోజూ రెండు పూటలా నడక, ఆట కావాలి. నాలుగు గోడల మధ్య కట్టేసి ఉంచితే చెప్పులు, తలుపు చెక్కలు కొరుకుతుంది. తప్పు దానిది కాదు.

ఏ జాతి అయినా తప్పనివి కొన్ని ఉన్నాయి. ఆరు, ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ టీకాలు మొదలుపెట్టాలి. పార్వో అనేది 1978లో కుక్కలలో బయటపడిన వైరస్. రక్తపు విరేచనాలతో రెండు మూడు రోజుల్లో పిల్లలను చంపేస్తుంది. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, ఆ తరువాత ఏటా మళ్ళీ. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది రేబిస్‌తో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరూ బతకరు. లక్షణాలు రాకముందు సరైన చికిత్స చేయిస్తే దాదాపు అందరూ బతుకుతారు. ఏ కుక్క కరచినా, గోరు గీరుకున్నా, ఇంటి కుక్కపిల్లే అయినా, ఇంట్లో తిడతారని దాచవద్దు. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. ఈ వైరస్ పైపొర కొవ్వుతో అయింది. గిన్నె జిడ్డును కరిగించినట్టే సబ్బు దాన్నీ కరిగిస్తుంది. పసుపు, కారం అద్దవద్దు. ఆ వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. మా చిన్నతనంలో బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లంటే పిల్లలు వణికేవారు. ఇప్పుడవి లేవు. భుజానికి నాలుగైదు సూదులు, గాయాన్ని బట్టి దానిచుట్టూ ఇంకో మందు, అంతే.

నా సొంత అభిప్రాయం కూడా చెప్పనా? పెరడు, చెట్టునీడ, పొద్దున్నా రాత్రీ నడిపించే మనిషి, తిండికి డబ్బు ఉన్న ఇంటికి లాబ్రడార్ అంత మంచి స్నేహితుడు లేడు. రెండు గదుల ఇంటికి బొచ్చుకుక్క నయం. రోజంతా తాళం వేసి ఉండే ఇంటికి రెండూ వద్దు. ఇంకొక మాట, ఎవరూ అడగనిది. మన ఊరకుక్కకు పొట్టి వెంట్రుకలు, సన్నని ఒళ్ళు, నిక్కిన చెవులు. ఈ ఎండలోనే వేల ఏళ్ళు నిగ్గుతేలినది. ఎనిమిది వారాల ఊరకుక్కపిల్లను తెచ్చి, టీకాలు వేయించి, పైన చెప్పిన కిటికీ మూసుకోకముందే ఇంట్లో తిప్పితే, డబ్బులిచ్చి కొన్న కుక్కకు ఏమాత్రం తీసిపోదు.

అన్నాచెల్లెళ్ళు ఏప్రిల్ చివర కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. వసారా మీద రేకులు. ఏడు రోజుల్లో అక్కడ ఒక్కసారి కూడా 40 డిగ్రీలకు తగ్గలేదు, ఒకరోజు 43. మధ్యగదిలో 35, 36. వాళ్ళ అమ్మ, నాన్న ఇద్దరూ పనికి వెళతారు. ఇంట్లో ఉండేది నాయనమ్మ, ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. అన్న ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. "లాబ్రడార్ వద్దు లెండి మాస్టారూ" అన్నాడు చివరకు. చెల్లెలు ఏమీ అనలేదు. గెలిచానని నవ్వనూ లేదు.

వేసవిలో ఏ కుక్కపిల్లనూ తేవద్దని, తొలకరి పడ్డాక చూద్దామని చెప్పాను. ఈలోగా వాళ్ళ వెనక వీధిలో ఒక బొచ్చుకుక్క నాలుగు పిల్లలను పెట్టింది. ఇప్పుడు వాటికి ఐదు వారాలు. ఆ అమ్మాయి రోజూ సాయంత్రం వెళ్ళి, చేతులు కడుక్కుని, కాసేపు వాటి మధ్య కూర్చుని వస్తోంది. వాళ్ళన్నయ్య సంతలో ఒక మట్టి మూకుడు కొని, నీళ్ళు పోసి, వసారాలో కాకుండా మధ్యగదిలో పెట్టాడట.